పిన్నికి దెయ్యమంటే భయం లేదు

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు, రాత్రి పిల్లలు టీవీలో ఓ దెయ్యం సినిమా పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా తమ్ముడు దిండు వాటేసుకుని వేళ్ల సందుల్లోంచి చూస్తున్నాడు. తెల్లచీరలో, జుట్టు విరబోసుకుని దెయ్యం రాగానే పిన్ని "దీనికి కాస్త నూనె రాసి జడేసేవాళ్లు లేరట్రా?" అంది. పది నిమిషాల తర్వాత తెర మీద దెయ్యమే లేదు. ఖాళీ ఇల్లు, గాలి హోరు, టపటపా కొట్టుకుంటున్న కిటికీ రెక్క. తమ్ముడు తీరిగ్గా జంతికలు నములుతున్నాడు. పిన్ని మాత్రం మాట్లాడటం మానేసింది.

ధడేల్మని చప్పుడైతే ఉలిక్కిపడటం అందరికీ ఉన్నదే. దానికి కథ తెలియక్కర్లేదు. శబ్దం మెదడు అడుగునున్న కాండం దాకా చేరితే చాలు, సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే కనురెప్పలు మూసుకోవడం మొదలవుతుంది. అది కూడా అలవాటు పడితే తగ్గుతుంది. అర్ధరాత్రి పెరట్లో కొబ్బరిమట్ట ఊడిపడితే తమ్ముడు లేచి కూర్చుంటాడు, పిన్ని "మట్టరా" అని అటు తిరిగి పడుకుంటుంది. పిల్లలు భయపడుతుంటే నేను టీవీ సౌండ్ తీసేస్తాను. సగం దెయ్యం అక్కడే పోతుంది.

గాలి హోరు సంగతి వేరు. కణతల లోపల, రెండు పక్కలా, బాదంపప్పు ఆకారంలో అమిగ్డాలా అనే మెదడు భాగం ఉంటుంది. ఏ శబ్దం, ఏ వాసన ప్రమాదంతో కలిసి వచ్చిందో ముడివేసి ఉంచడం దాని పనుల్లో ఒకటి. ప్రమాదం పోయాక ఆ ముడి వదులవుతుందే గానీ పూర్తిగా ఊడిపోదు. 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను ఊడ్చేసింది. ఆ రాత్రంతా పిన్ని తలుపుకి మంచం అడ్డంపెట్టి దాని మీద కూర్చుంది. తెల్లారేసరికి కొబ్బరితోట నేలమీద ఉంది. సినిమావాళ్లు టెన్షన్ కోసం వేసుకున్న గాలి చప్పుడుకి మిగతా కథంతా ఆవిడే సమకూర్చుకుంది.

మరి అమిగ్డాలా పాడైతే? వైద్యపత్రికల్లో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో కనిపించే ఒకావిడకి అరుదైన జన్యువ్యాధి వల్ల రెండు వైపులా అది దెబ్బతింది. హారర్ సినిమా ముక్కలు చూపించినా, దెయ్యాల కొంపకి తీసుకెళ్లినా ఆవిడకి భయం వెయ్యలేదు. పాముని చేత్తో పట్టుకుని ముచ్చటగా చూసిందని 2011లో రాశారు. అయితే 2013 నాటి ప్రయోగంలో 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారి పీల్చగానే హడలిపోయింది! ఊపిరాడని భయానికి దారి వేరే ఉందన్నమాట. దెయ్యాలకి నవ్వేవాళ్లు కూడా నీళ్లలో మునిగే సీన్‌కి బిగుసుకుపోవడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

సినిమా అయ్యాక తమ్ముడు బాత్రూంకి తోడు రమ్మన్నాడు. పిన్ని లేచి కిటికీల గడియలన్నీ ఒకసారి లాగి చూసుకుంది. బయట ఆకు కూడా కదలడం లేదు.