రక్తం పెరగడానికి ఇంజెక్షనా, మాత్రా?

ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు తండాల నుంచి విజయవాడకు డయాలసిస్ కోసం వచ్చే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. రక్తం పెరిగే ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. సూర్యారావుపేట మందుల షాపులో కొని, మే నెల ఎండలో ఐసు సంచితో బస్సెక్కే మనిషికి మాత్ర వరంలా కనిపిస్తుంది. అయితే ఈ పోలిక వెనుక ఒక చేదు అనుభవం ఉంది.

ఎముక మజ్జ చేత ఎర్రకణాలు తయారు చేయించే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ ఎక్కువగా మూత్రపిండాల నుంచే వస్తుంది. అవి చెడితే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఒకప్పుడు పదే పదే రక్తం ఎక్కించడమే దిక్కు. దానితో హెపటైటిస్ భయం ఉండేది, ఒంట్లో ఇనుము పేరుకునేది, రేపు కిడ్నీ మార్పిడికి దాత దొరికినా సరిపడకపోయే ప్రమాదమూ ఉండేది. 1977లో 2,550 లీటర్ల మూత్రం నుంచి శాస్త్రవేత్తలు ఈ హార్మోన్‌ను కొద్ది మిల్లీగ్రాములు వేరు చేయగలిగారు. 1989లో దాని ఇంజెక్షన్‌కు అమెరికా అనుమతి ఇచ్చింది. మంచం పట్టినవారు లేచి తిరిగారు.

అక్కడే ఆశ హద్దు దాటింది. హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి తెస్తే ఇంకా మేలని చాలామంది వైద్యులు నమ్మారు. 2006లో వెలువడిన క్వైర్ (CHOIR) అధ్యయనంలో హిమోగ్లోబిన్ 13.5 గ్రాములు లక్ష్యంగా మందు ఇచ్చినవారిలో మరణాలు, గుండె సమస్యలు ఎక్కువయ్యాయి. 2009 నాటి ట్రీట్ అధ్యయనంలో పక్షవాతం దాదాపు రెట్టింపైంది. ఇప్పుడు సాధారణంగా 11.5 దాటనివ్వరు. రిపోర్టులో 10.5 చూసి దిగులుపడే ఇంటివారికి ఈ సంగతి ఎవరో ఒకరు ఓపికగా చెప్పాలని నా కోరిక.

మాత్రలది మరో దారి. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలు స్పందించే తీరును కనుగొన్నందుకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మాత్రలు ఆ స్పందననే రేపి, శరీరం చేతే హార్మోన్ తయారు చేయిస్తాయి. మన దేశంలో డెసిడుస్టాట్ అనే మాత్రకు 2022లో అనుమతి లభించింది. హిమోగ్లోబిన్ పెంచడంలో అది ఇంజెక్షన్‌కు తీసిపోలేదు, కానీ ఆ పరీక్షలు నడిచింది 24 వారాలే. అదే కోవకు చెందిన రోక్సాడుస్టాట్‌ను అమెరికా 2021లో తిరస్కరించింది. డాప్రొడుస్టాట్‌ను 2023లో డయాలసిస్ రోగులకే పరిమితం చేసి, రక్తం గడ్డకట్టే ముప్పుపై గట్టి హెచ్చరికతో అనుమతించింది.

ఈ రెంటి మధ్య మరుగున పడేది ఇనుము. డయాలసిస్ రోగులకు నరం ద్వారా ఇనుము ముందుగానే ఎక్కువగా ఇస్తే ఇంజెక్షన్ మోతాదు తగ్గిందని 2018లో పివోటల్ అధ్యయనం చూపింది. మందు మార్చమని అడిగే ముందు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి. గతంలో పక్షవాతం, రక్తపు గడ్డలు, క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.