ఆల్టమాంట్ గద్దల గొడవ ఎక్కడ మొదలైంది?

గాలిమరలకూ వేటపక్షులకూ మధ్య తగువు అనగానే అమెరికాలో ముందు గుర్తొచ్చేది కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమ. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున, పశువులు మేసే గడ్డి కొండలవి. వేసవిలో లోపలి లోయ వేడెక్కగానే సముద్రం మీది చల్లగాలి ఈ కనుమలోంచి దూసుకొస్తుంది. 1970ల చమురు సంక్షోభం తర్వాత ప్రభుత్వం పన్ను రాయితీలు ఇవ్వడంతో కంపెనీలు ఎగబడ్డాయి. 1980లలో వేల టర్బైన్లు లేచాయి.

గాలి ఉందా లేదా అని మాత్రమే చూశారు. కొండల నిండా నేల ఉడుతల బొరియలున్నాయి. వాటిని వేటాడే గోల్డెన్ ఈగిల్ జాతి గద్దలు ఇంత దట్టంగా గూళ్లు పెట్టే చోట్లు ప్రపంచంలోనే అరుదు. ఎర్రతోక డేగలు, కెస్ట్రెల్ అనే చిన్న వేటపక్షులు, బొరియల్లో ఉండే గుడ్లగూబలు సరేసరి. వాలుకు తగిలి పైకి లేచే గాలిలో తేలుతూ, చూపంతా నేల మీదే ఉంచే పక్షి ఎదురుగా తిరిగే టర్బైన్ రెక్కను గమనించదు.

పక్షులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా ఇంధన కమిషన్ నివేదిక 1992లోనే చెప్పింది. 2004 నాటి అంచనా ఏడాదికి 880 నుంచి 1,300 వేటపక్షులు. అందులో 75 నుంచి 116 గోల్డెన్ ఈగిల్‌లు. పిల్లులు ఇంతకంటే ఎన్నో రెట్లు పక్షుల్ని చంపుతాయని గాలిమరల తరఫువాళ్లు అంటుంటారు. నిజమే, కానీ పిల్లి గోల్డెన్ ఈగిల్‌ని పట్టదు. నాలుగైదేళ్లకు గానీ ఈడుకు రాని, ఏడాదికి ఒకటి రెండు పిల్లల్ని మించి పెంచలేని జాతి అది.

2004లో కేసులు పడ్డాయి. 2007 ఒప్పందంలో మరణాలను సగానికి తగ్గించాలన్నారు. చలికాలంలో టర్బైన్లు ఆపడం అందులో తేలికైన పని. అప్పుడు గాలి తక్కువ, గద్దలు ఎక్కువ. 2010లో పాతవాటిని తీసేసి, తక్కువ సంఖ్యలో పెద్ద టర్బైన్లు పెట్టేందుకు ఒక పెద్ద కంపెనీ ఒప్పుకుంది. మార్పు మేలే చేసినా గద్దల చావులు ఆగలేదు; టర్బైన్ వాలులో ఎక్కడ నిలబడిందన్నదే కీలకమని తేలింది.

గోల్డెన్ ఈగిల్‌ని చంపడం 1962 నుంచే కేంద్ర చట్టం కింద నేరం. అయినా పక్షుల చావులపై గాలి విద్యుత్ కంపెనీకి మొదటి శిక్ష పడింది 2013లో, అదీ వ్యోమింగ్ రాష్ట్రంలో. 2022లో మరో కంపెనీ నేరం ఒప్పుకుంది. 2012 నుంచి దాని టర్బైన్ల దగ్గర కనీసం 150 గద్దలు చనిపోయాయి. జరిమానా, పరిహారం కలిపి 80 లక్షల డాలర్లు దాటాయి.