నిలబడ్డ టైరు ఎందుకు పగిలింది?

పిల్లలకు తాత ఆశీస్సులు.

కోతలైపోయి, వడ్లు కాటా వేసి, ట్రక్కును (ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిబండిని) వేపచెట్టు కిందికి నెట్టిన రోజు మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. "రోజూ తిరిగే ట్రాక్టర్ టైరు నున్నగా ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉండే ట్రక్కు టైరు బీటలిచ్చింది. తిరగనిది ఎట్లా పాడైంది తాతా?" అన్నారు. తిరగనిది అరగదు, నిజమే. దాని బటన్లు, అంటే నేలను పట్టే గడ్డలు, ఇంకా ఎత్తుగానే ఉన్నాయి. కానీ టైరుకు అరుగుదల ఒక్కటే జబ్బు కాదు.

నాయనమ్మ పోసే మామిడి తాండ్ర ఉంది గదా, దాన్ని తలుచుకోండి. చాప మీద రసం ఒక పొర పోసి, ఆరాక దాని మీద ఇంకో పొర పోస్తుంది. టైరు కూడా పొరల సరుకే. లోపల నైలాన్ దారాల పొరలు, వాటిని అంటిపెట్టుకుని రబ్బరు. పక్కన 8 పీఆర్, 12 పీఆర్ అని ఉండేది ఆ పొరల బలాన్ని చెప్పే అంకె. కొత్త తాండ్రను ఎంత మడిచినా విరగదు. మూత పెట్టకుండా ఎండలో, గాలిలో వదిలేస్తే పైపొర బిరుసెక్కుతుంది, మడత పడ్డచోటే ముందు చీలుతుంది. మన ట్రక్కు టైరులో బీటలు ఎక్కడున్నాయో చూశారా? అన్నీ పక్కగోడ మీదే. బరువుకు నలిగి మడతపడేది అక్కడే.

తాండ్రకు లేని గుణం రబ్బరుకు ఒకటుంది. టైరు చేసేటప్పుడు అందులో ఒక రకం మైనం, ఇంకా కొన్ని మందులు కలుపుతారు. చక్రం తిరిగి రబ్బరు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే అవి లోపలినుంచి మెల్లగా పైకి ఊరి పలచని పూతగా నిలుస్తాయి. గాలిలో ఓజోన్ అనే వాయువొకటి ఉంటుంది, రబ్బరును కొరికేది అదే. దానికి ఈ పూత అడ్డం. టైరు మీద అప్పుడప్పుడు కనిపించే గోధుమరంగు ఛాయ ఆ మందులదే, మురికి అనుకుని గట్టిగా గీకేయకూడదు. కదలకుండా నిలబడ్డ టైరుకు ఈ ఊట సరిగా అందదు. పనిచేసే టైరు తన మందు తానే పూసుకుంటుందన్నమాట. ఎన్నేళ్లు చూసినా నాకిది వింతగానే ఉంటుంది.

మా చిన్నతనంలో ఎద్దుల బండికి కొయ్య చక్రం, దాని చుట్టూ ఇనుప పట్టా. ఎండాకాలంలో కొయ్య ఎండి కుంచించుకుపోతే పట్టా వదులయ్యేది. అందుకని చక్రాలు ఊడదీసి చెరువులో నానేసేవాళ్లు. అప్పటి చక్రానికి నీళ్లు మందు, ఇప్పటి చక్రం ఇనుప రిమ్ముకు తడే శత్రువు. కాలం మారితే సరుకును చూసుకునే పద్ధతీ మారాలి. అలవాటుగా వచ్చిందని చేసుకుంటూ పోకూడదు.

ఇక ట్రక్కును ఎట్లా నిలపాలో చెబుతాను, మీ నాన్నకూ చదివి వినిపించండి. ముందు సబ్బునీళ్లు, బ్రష్షుతో టైర్లు కడగాలి. కిరసనాయిలు, డీజిలు తగలనివ్వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బటన్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు పీకేయాలి. బాగా ఆరాక ఒక చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టి, ఇరుసు కింద జాకీ వేసి లేపి, తాటి మొద్దులు పెట్టి దించాలి. ఇటుకలు వద్దు, పగిలిపోతాయి. జాకీ మీదే వదిలేయడం ఇంకా తప్పు. చక్రం నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఉంటే చాలు, బరువంతా మొద్దు మోస్తుంది. అట్లా లేపాక గాలి కొంత తగ్గించవచ్చు. లేపడం కుదరకపోతే మాత్రం గాలి తగ్గనివ్వకూడదు. పూర్తిగా పట్టించి, నెలకొకసారి బండిని కాస్త ముందుకు జరిపితే ఒకేచోట నలగదు. పైన ఎండ తగలకుండా టార్పాలిన్ పట్టా కప్పాలి.

దమ్ముకు (నీళ్లు పెట్టి మడిని బురదగా దున్నేందుకు) ఇనుప చక్రాలు బిగించేటప్పుడు ఊడదీసే పెద్ద టైర్ల సంగతి వేరు. మన డెల్టాలో చాలామంది వాటిని మోటారు కొట్టంలో పెడతారు. అది మంచి చోటు కాదు. మోటారు తిరిగేటప్పుడు, వెల్డింగు చేసేటప్పుడు, బ్యాటరీ చార్జింగు పెట్టినప్పుడు నిప్పురవ్వలు లేచి ఓజోన్ పుడుతుంది. యూరియా బస్తాల పక్కన కూడా వద్దు, ఆ ఎరువు రిమ్మును తినేస్తుంది. అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లకూ ఉప్పునీళ్లతో ఇదే బాధ. తుప్పు పొలుసులు లేచి లోపలి ట్యూబును కోస్తాయి. తీగ బ్రష్షుతో గీకి రంగు వేస్తే రిమ్ము నిలుస్తుంది. చీకటిగా, చల్లగా, పొడిగా ఉండే గదిలో చెక్క మీద టైరును నిలబెట్టాలి, నెలకొకసారి కొంచెం తిప్పాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగుది అణిగిపోయి, మళ్లీ రిమ్ముకు ఎక్కించేటప్పుడు అంచు సరిగా కూర్చోదు.

ఇక్కడ మీకొక గట్టి మాట. నిలబెట్టిన పెద్ద చక్రం మీదికి ఎక్కొద్దు, దాని వెనక దాక్కోవద్దు. వెనక టైరులో బరువు కోసం నీళ్లు నింపుతారు. 13.6-28 సైజు టైరులో ముప్పాతిక వంతు నింపితే సుమారు 150 లీటర్లు, అంటే టైరు, రిమ్ము బరువు కాక ఇంకో 150 కిలోలు. నీళ్లు తీయకుండా చక్రం ఊడదీయకూడదు. నిలబెట్టాక తాడుతో గోడకు కట్టాలి.

గాలి చూసేటప్పుడు పొద్దున్నే, చక్రాలు చల్లగా ఉండగా చూడాలి. దుక్కిలో వెనక టైరుకు 12 నుంచి 16 పాయింట్లు (పీఎస్ఐ) మామూలు, ముందుదానికి అంతకన్నా ఎక్కువ. ట్రక్కుకు ఇంకా చాలా ఎక్కువ, దాని లెక్క టైరు మీదే ఉంటుంది. నీళ్లున్న టైరుకు వాల్వు పైకి వచ్చేట్టు తిప్పి చూడాలి, లేకపోతే గేజిలోకి నీళ్లు పోతాయి. వాల్వు మూత చిన్నదే అయినా పారేయొద్దు, మట్టి పడితే గాలి నెమ్మదిగా దిగిపోతుంది.

దొడ్లో పడేసిన పాత టైర్లను మాత్రం వానలకు ముందే తీసేయించండి. లోపల గ్లాసెడు నీళ్లు నిలిచినా డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఒట్టినే ఒంపేస్తే చాలదు, బ్రష్షుతో రుద్ది కడగాలి. మన దొడ్లో పుట్టిన దోమ పక్కింటి పసిబిడ్డను కూడా కుడుతుంది.

రేపు పొద్దున ఒక పని చేయండి. గుడ్డ ముక్క తీసుకుని టైరు పక్కగోడ తుడిచి, చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలున్నాయేమో వెతకండి. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఒకవైపు లేకపోతే రెండోవైపు చూడండి. ట్రక్కువి, ట్రాక్టరువి అన్ని టైర్ల అంకెలూ ఒక కాగితం మీద రాసి, ఏ టైరుకు బీటలున్నాయో పక్కనే గుర్తుపెట్టి నాకు పంపండి.

మీ తాత
బుచ్చిరెడ్డిపాళెం