మలేరియా మందులు, నులిపురుగుల మాత్రలు, మన చెవులు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో వినికిడి, తల తిరుగుడు పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా, ఇక్కడి తెలుగువారి నుంచీ, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవారి నుంచీ తరచుగా వినే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: మలేరియా మందు వాడితే చెవుడు ఖాయం.

వాస్తవం: ఈ భయం క్వినైన్ అనే పాత మలేరియా మందు నాటిది, పూర్తిగా నిరాధారమైనదీ కాదు. క్వినైన్ మామూలు చికిత్స మోతాదులోనే చాలామందికి చెవుల్లో హోరు, వినికిడి మందగించడం, తల తిరగడం, వికారం కలిగిస్తుంది. వీటిని కలిపి సింకోనిజం అంటారు. మందు ఆపాక ఎక్కువమందిలో ఇవి తగ్గిపోతాయి. అయినా వైవాక్స్ అనే రకం మలేరియాకు నేడు ఇచ్చేది క్వినైన్ కాదు. మూడు రోజుల క్లోరోక్విన్, 14 రోజుల ప్రైమాక్విన్. అంత తక్కువ కాలం వాడే క్లోరోక్విన్‌తో వినికిడి దెబ్బతినడం చాలా అరుదు.

అపోహ: మాటలు వినిపిస్తున్నాయంటే చెవికి ఏమీ కానట్టే.

వాస్తవం: మందుల వల్ల కలిగే లోపం సాధారణంగా కీచు శబ్దాల దగ్గర మొదలవుతుంది. పరీక్ష గదిలో 1000 హెర్ట్జ్ శబ్దానికి వెంటనే మీట నొక్కిన మనిషే, 8000 దగ్గరికి వచ్చేసరికి ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు అద్దంలోంచి మా వైపు చూస్తుంటారు. ఇసుక ఈగల ద్వారా వచ్చే కాలా అజార్ అనే జ్వరానికి 21 రోజులు ఇంజెక్షన్‌గా ఇచ్చే పారోమోమైసిన్ కూడా చెవికి హాని చేయగల జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ కుటుంబానికి చెందినదే కాబట్టి, అది వాడేవారికి ముందే ఒక ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంతవరకు వినిపిస్తుందో చూపే పటం) తీసి ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: తల తిరిగితే అది చెవి దోషమే.

వాస్తవం: అమీబా విరేచనాలకు చీటీ కూడా లేకుండా కొని మింగే మెట్రోనిడజోల్‌ను ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడితే, అరుదుగా చిన్నమెదడు దెబ్బతిని నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, అప్పుడు చెవి పరీక్షలన్నీ మామూలుగానే ఉండవచ్చు. మందు ఆపితే చాలామంది కోలుకుంటారు. మెఫ్లోక్విన్ అనే మలేరియా మందు సంగతి వేరు: దాని వల్ల వచ్చే తూలుడు, చెవి హోరు మందు మానేశాక కూడా మిగిలిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక చేసింది.

అపోహ: బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లల చెవులకు మంచిది కాదు.

వాస్తవం: ఆ భయం అక్కర్లేదు. అది ఒకే ఒక్క మోతాదు ఆల్బెండజోల్. మహా అయితే కాసేపు కడుపునొప్పో, తల తిరగడమో ఉంటుంది.

అపోహ: హోరు మొదలైన వెంటనే మందు మానేయాలి.

వాస్తవం: చికిత్స సగంలో ఆపితే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ప్రాణం మీదికి తెస్తుంది. మందు రాసిన డాక్టరుకు ఆ రోజే చెప్పండి. మోతాదు తగ్గించాలో, మందు మార్చాలో వారు నిర్ణయిస్తారు. కిడ్నీ జబ్బు గానీ, ముందునుంచే వినికిడి లోపం గానీ ఉంటే మందు రాసేటప్పుడే ఆ మాట చెప్పాలి. మా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రల ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా వెంట తెచ్చుకోండి.