చేవెళ్ల మర్రుల దారి

ప్రియమైన పిల్లలూ,

పోయిన ఆదివారం అనంతగిరి వెళ్లొచ్చామన్నారు. దారి ఎలా ఉందని అడిగితే "నిద్రపోయాం తాతయ్యా" అన్నారు. ఆ నిద్రలో మీ కళ్లకు ఏం తప్పిపోయిందో చెబుదామనే ఈ ఉత్తరం.

హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు. దాని వెంట దాదాపు 900 మర్రిచెట్లు. నిజాం కాలంలో నాటినవి. అప్పుడు ఈ దారిన తిరిగింది ఎడ్లబండ్లు. ఎద్దుకు నీడ కావాలి, బండి తోలేవాడికి నడుం వాల్చే చోటు కావాలి. మర్రి కొమ్మ పాతినా బతుకుతుంది, మండువేసవిలోనూ నీడనిస్తుంది. పశువులకూ మనుషులకూ నీడ కోసం బాటల వెంట మర్రులు నాటించానని అశోకుడు ఏనాడో స్తంభం మీద చెక్కించాడు.

ఈసారి ఎర్రటి మర్రిపండు ఒకటి తీసుకుని గోటితో చీల్చి చూడండి. లోపల వందల కొద్దీ పూలు, ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండదు. మర్రికి పూలు లేవనుకుంటాం గానీ, అవి కాయలోనే దాక్కుని ఉంటాయి! అందులోకి దూరి పుప్పొడి చేర్చేది దోమకన్నా చిన్న కందిరీగ. అది రాకపోతే మర్రికి విత్తనం లేదు, మర్రి లేకపోతే ఆ కందిరీగకు గుడ్లు పెట్టే చోటు లేదు. పండ్ల కాలంలో చిలుకలు, గోరింకలు చేసే గోల వినాలంటే కారు అద్దం దించాలి, ఏసీ ఆపాలి.

ఎడ్లబండికి చాలిన ఆ దారిలో ఇప్పుడు బస్సులు, టిప్పర్లు ఎదురెదురుగా వస్తాయి. ప్రమాదాల్లో ఎందరో పోయారు. రోడ్డు వెడల్పు కావాలనే ఊళ్లవాళ్ల బాధ న్యాయమైనదే. చెట్లు కొట్టొద్దని, పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు, నా మనసు వాళ్ల వైపే. వీలైనచోట చెట్లను మధ్యలో ఉంచి అటూ ఇటూ దారి వేయొచ్చు కదా! మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఒక్క చెట్టు కోసం అంత చేశాం మరి.

దసరా సెలవులకు రండి, నేనే తీసుకెళ్తాను. చేవెళ్ల దాటాక రోడ్డుకు దూరంగా కారు ఆపిద్దాం. ఊడలు పట్టుకుని చూడండి, లేత ఊడ చివర మెత్తగా తగులుతుంది. నేల అందుకోవడానికి దిగుతోందది, గిల్లకండి.

మీ తాతయ్య