‘థ’ పొట్టలో చుక్క

ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలిస్తే బొమ్మ వెంటనే వస్తుంది. అక్షరంతోనే పేచీ. సినిమా వేస్తే కళ్లకు పండగలా ఉన్న తెర మీదే ఒక తెలుగు పాఠం తెరిచి చూడండి, మంచు పట్టిన అద్దంలోంచి చదువుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగోలా గట్టెక్కుతాయి. వాటిలో చాలావరకు నిలువు గీతలు, అడ్డగీతలే కాబట్టి అంచులు కాస్త చెదిరినా పోల్చుకోవచ్చు. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. ‘ధ’కూ ‘థ’కూ తేడా పొట్టలో ఒక్క చుక్క. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చిన్న మెలిక. మామూలు సైజు అక్షరంలో ఆ చుక్కకు దక్కేది రెండు మూడు పిక్సెళ్లే, అంటే తెరను నింపే బుల్లి గడులే. అవి పక్కవాటిలో కలిసిపోతే ‘కథ’ కాస్తా ‘కధ’ అయిపోతుంది. అసలే అలా రాసేవాళ్లు మనలో తక్కువేమీ కాదు, వారికి టీవీ కూడా వంత పాడుతుందన్నమాట.

గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో మేడమీద ట్యూషన్ చెప్పే మాస్టారు ఎవరైనా నల్లబల్ల పక్కన 43 అంగుళాల టీవీ బిగించారనుకోండి. వెనక బెంచీ పిల్లలు కళ్లు చిట్లించగానే ఆయన మొదట అనుమానించేది కేబుల్‌నే. దుకాణదారు బంగారు పూత ఉన్నదేదో చూపిస్తాడు. కానీ ల్యాప్‌టాప్‌నూ టీవీనీ కలిపే ఈ హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ప్రయాణించేది అంకెల సమాచారం. కేబుల్ చెడిపోతే తెర మీద మెరుపు చుక్కలు రాలతాయి, లేదా బొమ్మ తెగిపోయి మళ్లీ వస్తుంది. అంతేగాని అక్షరాలు మెత్తబడవు. ఎక్కువ సందర్భాల్లో దోషం టీవీ అత్యుత్సాహానిది. వచ్చిన ప్రతి బొమ్మనూ ‘బాగుచేయడం’ దానికి నేర్పిన విద్య. సినిమాకు అది పనికొస్తుందేమో గాని, అక్షరానికి హానే చేస్తుంది.

బ్రాడీపేట చిరునామా తెలిసినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. అక్కడ లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఒకవైపు. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, వీధి మలుపు దొరుకుతుంది. ఫుల్ హెచ్‌డీ తెర కూడా అలాంటిదే: అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 పిక్సెళ్లు. కంప్యూటర్ ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు రాసి, చిరునామా వేసి పంపుతుంది. ఏ ఉత్తరం ఆ ఇంటికే చేరితే అక్షరం నిక్కచ్చిగా నిలుస్తుంది. మరి 19 ఇళ్ల ఉత్తరాలను 20 ఇళ్లకు సర్దమంటే? ఒక్కో ఇంటికి కొంత తనది, కొంత పక్కింటిది. టీవీ చేసేది అచ్చంగా ఇదే.

19, 20 అన్నవి నోటికొచ్చిన అంకెలు కావు. చాలా టీవీలు వచ్చిన బొమ్మను కొద్దిగా పెద్దది చేసి, అంచులు కత్తిరించి చూపిస్తాయి. దీని పేరు ఓవర్‌స్కాన్. ఒక్కో వైపు రెండున్నర శాతం కోశాయంటే 1920లో మిగిలేది 1824. వాటిని మళ్లీ 1920 మీదికి సాగదీయాలి. అంటే ప్రతి 19 పిక్సెళ్లూ 20 చోట్లకు పరచాలి. కింది అంచున 27 వరుసలు పోతాయి. విండోస్ 10లో తెర కింద ఉండే పట్టీ, టాస్క్‌బార్, ఎత్తు మామూలుగా 40 పిక్సెళ్లు కాబట్టి మూడింట రెండు వంతులు మాయం. గడియారం సగం తెగి కనిపిస్తే కారణం ఇదే.

ఈ అలవాటు పిక్చర్ ట్యూబుల కాలం నాటిది. మనం వాడిన ‘పాల్’ అనే పాత టీవీ ప్రసార పద్ధతిలో తెరకు 625 గీతలు, వాటిలో బొమ్మను మోసేవి 576. ట్యూబు పాతబడినా, ఇంటి కరెంటు వోల్టేజీ తగ్గినా బొమ్మ కుంచించుకుపోయి చుట్టూ నల్లటి చట్రం కనిపించేది. ఆ బాధ లేకుండా తయారీదారులు ముందే బొమ్మను చట్రం దాటేంత పెద్దగా ఉంచారు. చదును తెరలకు ఆ ఇబ్బంది లేదు. అయినా కత్తిరింపు మాత్రం కొనసాగుతోంది, అడిగేవారు లేక. రిమోట్‌లో పిక్చర్ సైజ్ అన్నచోట వెతికితే దీన్ని ఆపే వీలుంటుంది. ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, సామ్‌సంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’. పేర్లు వేరైనా పని ఒకటే: వచ్చినదాన్ని వచ్చినట్టు చూపించు.

కంప్యూటర్ వైపు నుంచీ పొరపాటు జరుగుతుంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయని చాలామంది రిజల్యూషన్, అంటే కంప్యూటర్ పంపే పిక్సెళ్ల లెక్క, తగ్గిస్తారు. అప్పుడు సాగదీత తప్పదు, మసకా తప్పదు. రిజల్యూషన్‌ను తెర అసలు లెక్కకే ఉంచి, డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్‌ను 150 శాతం చేయాలి. అప్పుడు కంప్యూటర్ అదే అక్షరాన్ని ఎక్కువ పిక్సెళ్లతో కొత్తగా గీస్తుంది. వెనక బెంచీకి ఇది ఎంత అవసరమో లెక్క కట్టవచ్చు. మామూలు చూపు రెండు చుక్కలను విడిగా గుర్తించాలంటే వాటి మధ్య ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఉండాలి. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ సుమారు అర మిల్లీమీటరు. అది విడిగా కనిపించేది 1.7 మీటర్ల దూరం వరకే. నాలుగు మీటర్ల అవతల కూర్చున్న పిల్లవాడికి రెండు పిక్సెళ్ల చుక్క ఉన్నా లేనట్టే. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల్లో చాలావాటి తెర అసలు లెక్క 1366 × 768. కంప్యూటర్ జాబితాలో 1366 లేకపోతే 1360 ఎంచుకోవాలి. 1920 పంపినా టీవీ కాదనదు, కాకపోతే కుదించి చూపిస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా నీలి రంగు మీద ఎర్రటి అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటే, అప్పుడు చూడాల్సింది రంగుల లెక్క. మన కన్ను వెలుగునీడల తేడాను చాలా సూక్ష్మంగా పట్టుకుంటుంది గాని రంగు తేడాను అంత సూక్ష్మంగా పట్టుకోలేదు. దీన్ని ఆసరా చేసుకుని టీవీ ప్రసారాలు, డిస్కులు, ఓటీటీ సినిమాలు అన్నీ సాధారణంగా వెలుగును ప్రతి పిక్సెల్‌కూ పంపుతాయి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కసారే పంపుతాయి. 1920 × 1080 బొమ్మలో రంగు వరకు ఉండేది 960 × 540 మాత్రమే. హీరోయిన్ చీర మీద ఈ పొదుపును ఎవరూ కనిపెట్టలేరు. సన్నటి రంగు అక్షరం మీద మాత్రం వెంటనే బయటపడుతుంది. కంప్యూటర్ పూర్తి రంగు పంపినా కొన్ని టీవీలు లోపల దాన్ని పలచన చేసేస్తాయి. సామ్‌సంగ్, ఎల్‌జీ వంటి టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మారిస్తే ఈ పలచన ఆగుతుంది, దాంతోపాటు మరికొన్ని మెరుగుదిద్దే పనులూ ఆగుతాయి. పేరు మారిస్తే బొమ్మ మారడం వింతే, కానీ ఆ పేరును టీవీ ఆదేశంగా చదువుకుంటుంది.

షార్ప్‌నెస్ అనే మీట మరీ మోసకారి. పేరు చూసి పెంచితే, నల్లటి గీతల అంచున తెల్లటి గీత గీసి పదును ఉన్న భ్రమ కల్పిస్తుంది. తెలుగు అక్షరాల మెలికల్లో ఆ తెలుపు నిండిపోతుంది. దాన్ని సున్నాకు దించాలి. కొన్ని టీవీల్లో మధ్య అంకె దగ్గరే అది ఊరుకుంటుంది, కాబట్టి తెల్లంచు మాయమయ్యే చోట ఆపాలి. నలుపు బూడిదగా ఉంటే, నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును చెప్పే అంకెల్లో కంప్యూటర్ 16 నుంచి 235 వరకే పంపుతోందని, టీవీ 0 నుంచి 255 ఆశిస్తోందని అర్థం. రెండింటినీ ఒకే లెక్కకు తేవాలి.

కేబుల్‌ను పట్టించుకోవాల్సిన చోట్లూ ఉన్నాయి. కంప్యూటర్‌ను తెరకు కలపడానికి 1987లో వచ్చిన వీజీఏ పద్ధతి అంకెలతో పనిచేయదు, దాని నీలం కొస కేబుల్ పొడవు పెరిగేకొద్దీ నిజంగానే మసక పెరుగుతుంది. ఇక ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లున్న 4కే టీవీలో మౌస్ బాణం గుర్తు తడబడుతూ కదిలితే, దారిలో ఏదో ఒకటి పాత హెచ్‌డీఎంఐ 1.4దై ఉండొచ్చు. అది సెకనుకు 30 ఫ్రేములకు మించి 4కే మోయలేదు. 60 కావాలంటే 2.0 పోర్టు, దానికి తగిన కేబుల్, టీవీ మెనూలో ఆ పోర్టుకు అనుమతి, మూడూ ఉండాలి.

అన్నీ కుదిరాయో లేదో తేల్చుకోవడానికి విండోస్‌లోని బొమ్మలు గీసే ‘పెయింట్’లో ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత చొప్పున ఒక్కో పిక్సెల్ వెడల్పుతో నిలువు గీతలు గీసి, 100 శాతం సైజులో తెరంతా పరవండి. స్కేల్ పెంచి ఉంటే పరీక్ష అయ్యేదాకా 100కు దించండి. దగ్గరగా చూసినప్పుడు గీతలన్నీ ఒకే తీరున కనిపిస్తే పిక్సెల్‌కు పిక్సెల్ చేరుతోంది. మధ్యమధ్య వెడల్పాటి ముదురు, లేత పట్టీలు తేలితే టీవీ ఇంకా సాగదీస్తూనే ఉంది. మళ్లీ రిమోట్ అందుకోవాల్సిందే.