జీఎం సరుకు సరిహద్దు దాటాలంటే: నిబంధనల వెనుక పాతికేళ్ల పేచీ

2021 ఆగస్టులో సోయా చెక్క ధర మండిపోయి కోళ్ల రైతులు గగ్గోలు పెడితే, కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం (జన్యువుల్లో మార్పు చేసిన) సోయా చెక్క దిగుమతికి తలుపు తెరిచింది. నూనె పిండేసి నలగ్గొట్టిన చెక్కలో ప్రాణమున్న జీవి ఏదీ ఉండదు కనుక తమకు అభ్యంతరం లేదని పర్యావరణ శాఖ చెప్పింది. ఈ వాదనకు మూలం, ప్రాణమున్న జీఎం జీవుల రవాణాకే వర్తించే అంతర్జాతీయ ఒప్పందం కార్టజీనా ప్రొటోకాల్‌లో ఉంది.

1992 జీవవైవిధ్య ఒప్పందానికి అనుబంధంగా జీఎం జీవుల రవాణాపై నియమాలు రాయాలని దేశాలు కూర్చున్నాయి. 1999 ఫిబ్రవరిలో కొలంబియాలోని కార్టజీనాలో చర్చలు చెడ్డాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, చిలీ, ఉరుగ్వే ఒక జట్టుగా నిలబడి, ధాన్యం ఎగుమతుల జోలికి రావద్దన్నాయి. చివరికి 2000 జనవరి 29న మాంట్రియల్‌లో రాజీ కుదిరింది. ప్రొటోకాల్ 2003 సెప్టెంబరు 11న అమల్లోకి వచ్చింది. భారత్ చేరింది, అమెరికా నేటికీ చేరలేదు.

రాజీ ఏమిటంటే, విత్తనానికి ఒక దారి, తిండికీ మేతకీ వెళ్లే గింజకు మరో దారి. విత్తనమైతే మొదటిసారి పంపేముందు దిగుమతి దేశానికి నోటీసు ఇవ్వాలి. అది అందినట్టు 90 రోజుల్లో, నిర్ణయం 270 రోజుల్లో చెప్పాలి. ఓడల్లో పోసి పంపే మొక్కజొన్న, సోయాలకు ఇదేదీ లేదు. పంటకు అనుమతిచ్చిన దేశం 15 రోజుల్లో ఉమ్మడి సమాచార కేంద్రంలో నమోదు చేస్తే చాలు. సరుకు కాగితాల్లో ‘జీఎం ఉండవచ్చు’ అని రాస్తే సరిపోయేది. 2006లో బ్రెజిల్‌లోని కురిటిబాలో దీన్ని కొంత బిగించారు. విడిగా నిల్వచేసి, ఏ రకమో తెలిసిన సరుకైతే ‘ఉంది’ అనే రాయాలి. కలగలుపు సరుకుకు పాత వెసులుబాటే మిగిలింది. నిజానికి అసలు వ్యాపారమంతా ఆ కలగలుపులోనే ఉంది.

మరోపక్క, 1998 నుంచి కొత్త అనుమతులు ఆపేసిన ఐరోపాపై అమెరికా, కెనడా, అర్జెంటీనా 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 2006 తీర్పు అనవసర జాప్యాన్ని తప్పుపట్టింది. జీఎం తిండి మంచిదా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు.

ఎగుమతిదారును నిజంగా వణికించేది ఒప్పందాలు కావు, కొనుగోలు దేశంలో ఇంకా అనుమతి రాని రకం సరుకులో కలిసిపోవడం. 2006లో అమెరికా బియ్యంలో ఎల్‌ఎల్ 601 అనే జీఎం వరి రకం బయటపడి ఐరోపా మార్కెట్ మూతపడింది. 2011లో ఆ రకం సొంతదారు బేయర్ కంపెనీ అమెరికా రైతులకు 75 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. 2013 చివర్లో చైనా ఎంఐఆర్ 162 అనే జీఎం రకం కలిసిన మొక్కజొన్న ఓడలను వెనక్కి పంపింది. అమెరికాలో ఆ రకానికి 2010లోనే అనుమతి వచ్చింది, చైనాలో 2014 డిసెంబరు దాకా రాలేదు.

మన దగ్గర 2021 మార్చి 1 నుంచి 24 ఆహార పంటల దిగుమతికి జీఎం కాదన్న ధ్రువపత్రం కావాలి. పొరపాటున కలిస్తే 1 శాతం దాకా సహిస్తారు. ఐరోపాలో 0.9 శాతం హద్దు లేబులుకు మాత్రమే, అదీ అనుమతి ఉన్న రకాలకే. అనుమతి లేని రకం తిండిలో జాడగా కనిపించినా సరుకు చెల్లదు.

పరీక్షలోనూ చిక్కుంది. స్ట్రిప్ పరీక్ష, చేర్చిన జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను పడుతుంది. పచ్చి గింజకు పనికొస్తుంది గానీ, వేడి తగిలిన పిండిలో, చెక్కలో ప్రొటీన్ చెడిపోయి ఫలితం తప్పుతుంది. అక్కడ డీఎన్‌ఏను చూసే పీసీఆర్ పరీక్షే దిక్కు. 2021 జూన్‌లో ఫ్రాన్స్‌లో బియ్యప్పిండిలో జీఎం జాడ దొరికినప్పుడు వేళ్లు భారత్ నూకల వైపు చూపాయి. ఇక్కడ జీఎం వరి సాగే లేదని, కలిస్తే అక్కడే కలిసి ఉంటుందని ఢిల్లీ జవాబిచ్చింది.